మాంసం, గుడ్లు, పాలు మానేస్తే మావాళ్లకు దూరమైనట్టేనా?

ప్రశ్న (క్లుప్తంగా): నాకు 26 ఏళ్లు. మాది పల్నాడులో ఒక దళిత కుటుంబం. కూకట్‌పల్లిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. కోళ్ల ఫారాల వీడియోలు చూశాక నాలుగు నెలల నుంచి మాంసం, చేపలు, గుడ్లు, పాలు అన్నీ మానేశాను. మా ఊరి స్నేహితుడు, "తిండి పేరు చెప్పే కదా మనల్ని ఊరి బయట పెట్టారు, ఇప్పుడు నువ్వు వాళ్ల తిండికి వెళ్తావా" అన్నాడు. అమ్మ చాలా బాధపడుతోంది. నాకేమో బలం తగ్గుతుందేమోనని టెన్షన్. ఆఫీసుకు దగ్గర్లో మంచి ఫ్లాట్ దొరికింది కానీ ఓనర్ "ఓన్లీ వెజ్" అంటున్నాడు. ఇప్పుడు నేను తినను కాబట్టి తీసుకోవచ్చా? నేను చేస్తున్నది న్యాయమేనా?

సమాధానం:

ముందు నేనెవరో చెప్పాలి. నేను పశువైద్యురాలిని. ప్రకాశం, పశ్చిమ గోదావరి జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. 13 ఏళ్లుగా పాలు, గుడ్లు, మాంసం, చేపలు ఏవీ తినడం లేదు. నేను పుట్టింది భూమీ గేదెలూ ఉన్న ఇంట్లో, ఊరి నడిబొడ్డున. అంటే పశువుల సంగతి నేను చేతులతో చేసి తెలుసుకున్నాను. కులం సంగతి మాత్రం పక్కనుంచి చూసినదాన్నే, పడినదాన్ని కాదు. నా మాటలు ఆ తేడా గుర్తుపెట్టుకుని చదవండి.

మీ స్నేహితుడి మాటకు మొదట సమాధానం చెప్పాలి. ఎందుకంటే అతను అడిగింది సరైన ప్రశ్న. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో అంబేడ్కర్ అంటరానితనం పుట్టుకకు, గోమాంసం తినడానికి ఉన్న ముడిని వివరంగా వాదించారు. అది పాత కథ అనుకోవడానికి లేదు. 2016 ఆగస్టులో మన అమలాపురంలోనే, కరెంటు షాక్‌తో చనిపోయిన ఆవు తోలు తీస్తున్న దళిత సోదరుల్ని గోరక్షణ పేరుతో కొట్టారు. చచ్చిన పశువును ఎత్తే పని తరతరాలుగా ఎవరి మీద పెట్టారో, ఆ పని చేసినందుకే వాళ్లను కొట్టారు. నా ఉద్యోగంలో పశువు చనిపోయిన ప్రతిసారీ రైతు నోట వచ్చే మొదటి మాట "ఫలానా వాళ్లకు కబురు పెట్టండి" అనే. ఆ ఫలానా వాళ్లు వచ్చి, ఎత్తుకుని వెళ్లాక, వాళ్లు నిలబడిన చోట నీళ్లు చల్లడం కూడా చూశాను.

ఇక మన భాష సంగతి. మా ఇళ్లలో మాంసాన్ని, చేపల్ని "నీచు" అనేవాళ్లు. "ఈ రోజు శనివారం, నీచు ముట్టం" అని నేనూ చిన్నప్పుడు అన్నాను. అనేవాళ్లకు అది వాసన పేరు. వినేవాళ్ల చెవికి నీచం అనే మాట తగులుతుంది. మీరు మీ తిండి మార్చుకున్నారు కాబట్టి ముందు చేయాల్సింది ఒకటి ఉంది. "శుద్ధం", "సాత్వికం", "నీచు" ఈ మూడు మాటల్నీ మీ నోటి నుంచి తీసేయండి. మొక్కల నుంచి వచ్చేదే తింటాను అని చెప్పండి, చాలు. అడిగితే, పశువుని కట్టేసి బలవంతం చేయడం నాకిష్టం లేదు అని చెప్పండి. శుచి అనే మాట వచ్చిందంటే దాని వెనకే కులం కూడా వచ్చేస్తుంది.

అయితే మీ స్నేహితుడు ఒక విషయంలో పొరబడ్డాడు. మీరు వెళ్తున్నది "వాళ్ల తిండి" దగ్గరికి కాదు. "వాళ్ల తిండి" అంటే ముద్దపప్పులో నెయ్యి, చివర గడ్డపెరుగు, పండగకి పాలతో పరమాన్నం. అవన్నీ గేదె నుంచి వచ్చేవే. ఆ గేదె సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను.

గేదె పాలివ్వాలంటే ఈనాలి. అందుకోసం ఎదకు వచ్చినప్పుడల్లా మేం సూది వేసి (కృత్రిమ గర్భధారణ) చూడి కట్టిస్తాం. ఈనినప్పుడు పెయ్య దూడ పుడితే ఇంట్లో సంతోషం. దున్న దూడ పుడితే ఎవరూ ఏమీ అనరు. ట్రాక్టర్ వచ్చాక దున్నపోతుతో పని లేదు. అది తాగే ప్రతి లీటరూ పాలకేంద్రంలో పోయాల్సిన లీటరు. అందుకని పొదుగు చేపడానికి, అంటే పాలు దిగడానికి, రెండు గుటకలు తాగనిచ్చి లాగి కట్టేస్తారు. నెల తిరక్కుండా దూడ ఎముకల గూడవుతుంది. "డాక్టరమ్మా, విరేచనాలు పట్టుకున్నాయి" అని నా దగ్గరికి తెచ్చేవాళ్లు. చాలాసార్లు అసలు జబ్బు ఆకలే. సెలైన్ పెట్టి పంపేదాన్ని. రెండు రోజులకి పోయిందని తెలిసేది. దూడ పోతే గేదె పాలు చేపదు కదా. అందుకు చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెట్టేవాళ్లను చూశాను. పాలు దిగడానికి ఇంజెక్షన్ పొడిచేవాళ్లను చూశాను. 1960 నాటి పశుహింస నిరోధక చట్టం 12వ సెక్షన్ దాన్ని నేరం అంటుంది. నా సర్వీసులో ఆ సెక్షన్ కింద కేసు పెట్టడం ఒక్కసారి కూడా చూడలేదు.

జున్ను గురించి చెప్పకుండా ఉండలేను. మనకు అది ఎంత ఇష్టమో తెలుసు. ఇరుగుపొరుగుకి గిన్నెల్లో పంచుతాం. కానీ దూడకి తల్లి కడుపులో ఉండగా రోగాలను ఎదుర్కొనే శక్తి అందదు, పుట్టిన మొదటి రోజు తాగే జున్నుపాలలోంచే అందాలి. మొదటి ఇరవై నాలుగు గంటలు దాటితే దాని పేగులు ఆ శక్తిని ఒంట్లోకి తీసుకోలేవు. కాలేజీలో ఈ పాఠం చదివి పరీక్ష రాశాను. రాసిన వారానికే ఇంటికెళ్లి జున్ను తిన్నాను. ఈ రెండూ ఒకటే సంగతి అని నా బుర్రకు ఎక్కడానికి చాలా ఏళ్లు పట్టింది.

2019 పశుగణన ప్రకారం దేశంలో గేదె జాతి పశువులు దాదాపు 11 కోట్లు. అందులో ఆడవి 10 కోట్లకు పైనే, మగవి కోటి కూడా లేవు. పుట్టుకలో సగం సగం పుడతాయి. మిగిలినవి ఏమయ్యాయో ఆ లెక్కే చెబుతుంది. కొన్ని దూడగానే పోతాయి, కొన్ని కబేళాకి పోతాయి, ఒట్టిపోయిన తల్లులూ చివరికి అక్కడికే. గేదె మాంసం ఎగుమతిలో మన దేశం ప్రపంచంలో ముందు వరుసలో ఉండడానికి, 1998 నుంచి పాల ఉత్పత్తిలో మొదటి స్థానంలో ఉండడానికి సంబంధం ఉంది. ఒకే కొట్టం నుంచి రెండు దారులు, అంతే. పాలు తాగి, ఆ గేదెను చివరికి కోసే మనిషిని, తినే మనిషిని తక్కువగా చూసే హక్కు ఎవరికీ లేదు. మీ స్నేహితుడికి ఈ మాట చెప్పి చూడండి. అతని కోపం మీ మీద నుంచి ఎటు మళ్లాలో అటు మళ్లుతుంది.

ఇందులో పాలు పోసే ఆడవాళ్లను నిందించవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. రెండు గేదెలున్న ఇంట్లో పాల డబ్బు ఒక్కటే ఇల్లాలి చేతికి నేరుగా వచ్చే డబ్బు. పిల్లల ఫీజు, మందులు అందులోంచే. నేను వాళ్లతో ఎప్పుడూ "గేదెను అమ్మేయండి" అనలేదు. దున్న దూడకి కనీసం ఒక రొమ్ము వదిలేయమని అడిగేదాన్ని, కొందరు వదిలేవాళ్లు. రాయలసీమ మెట్టభూముల్లో మేకలు తోలుకునే మనిషి కూడా నా వాదనకు గురి కాదు. వేరే దారి ఉన్నవాళ్లం, జీతం ఉండి బజారులో ఎంచుకోగలిగినవాళ్లం, ముందు మనం మానేయాలి.

గుడ్ల సంగతి మీరు వీడియోల్లో చూశారు కాబట్టి తక్కువగా చెబుతాను. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటిది. గుడ్ల కోసం కోళ్లను పెంచే లేయర్ ఫారంలో, బోనులో ఒక్కో కోడికి దొరికే చోటు సుమారు 450 చదరపు సెంటీమీటర్లు, జిరాక్స్ తీసే ఏ4 కాగితం అంత కూడా కాదు. రెక్క చాపలేదు. పొడుచుకోకుండా చిన్నప్పుడే ముక్కు కొస కత్తిరిస్తారు. గుడ్డు పెట్టని మగ పిల్లల్ని గుడ్డు పగిలి బయటికి వచ్చిన రోజే చంపేస్తారు. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికలో ఈ బోనుల గురించే రాసింది. ఊళ్లో కోడి అంటే మన కళ్ల ముందు గింజలు ఏరుకుని తిరిగే కోడి. ఫారం కోడిని అదే పేరుతో పిలుస్తాం కానీ దాని బతుకు వేరు.

కోడితో పాటు అక్కడ మనిషి కూడా ఉంటాడు, అతణ్ని వీడియోల్లో చూపించరు. ఫారం మూలన రేకుల గదిలో ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కుటుంబం ఉంటుంది. రాత్రీ పగలూ ఆ అమోనియా ఘాటులోనే వాళ్ల పిల్లలు పెరుగుతారు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు అందరూ చికెన్ రేటు గురించే మాట్లాడారు. వైరస్ ఉన్న షెడ్లలో పనిచేసే మనుషుల ఆరోగ్యం గురించి అడిగిన గొంతులు చాలా తక్కువ. బ్రాయిలర్ రైతు పరిస్థితీ అంతే. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, షెడ్డు అప్పు రైతుది. మీరు న్యాయం గురించి అడిగారు కదా, ఆ మాటలోకి ఈ మనుషులు కూడా రావాలి. కోడి బాధ మాత్రమే చూసి ఆ రేకుల గదిలోని పిల్లను చూడకపోతే నా లెక్కలో అది సగం చూపే.

ఇక్కడే ఇంకో మాట. నేను గుడ్డు తినను. కానీ అంగన్‌వాడీలో, బడిలో పెట్టే గుడ్డును తీసేయమని ఎవరైనా అంటే వాళ్లకు ఎదురు నిలబడతాను. 2021లో కర్ణాటకలో బడి పిల్లలకు గుడ్డు పెట్టడం మొదలైనప్పుడు వద్దని కొన్ని మఠాలు గొడవ చేశాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు వయసుకు తగ్గ ఎత్తు లేరని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ పిల్లకి దొరికే మంచి మాంసకృత్తులు ఆ ఒక్క గుడ్డే కావచ్చు. నా నియమం కోసం ఆ పిల్ల కంచం ఖాళీ చేయడం నాకు పాపంగా తోస్తుంది. గుడ్డుకు బదులు పల్లీలు, పప్పు, బి12 కలిపిన తిండి అంతే నమ్మకంగా, ప్రతి రోజూ, ప్రతి ఊళ్లో ఇవ్వగలిగిన రోజున మాట్లాడుకుందాం. ఇంట్లో పిల్లలకి అన్నీ ఉన్నవాళ్లు ఆ గుడ్డు జోలికి పోకూడదు. మొక్కల తిండి న్యాయం కోసం అని చెప్పేవాళ్లలో ఎవరు నిజంగా చెబుతున్నారో ఈ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ బలం సంగతి. మీరు ల్యాబ్‌లోనే పనిచేస్తారు కాబట్టి ముందు మీ రక్తం మీరే ఇచ్చి బి12, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి చూపించుకోండి. బి12 ఒక్కటి మాత్రం మొక్కల తిండిలో నమ్మకంగా దొరకదు. ఎవరైనా పులియబెట్టిన అన్నంలో ఉంటుంది, ఆకుకూరలో ఉంటుంది అంటే నమ్మకండి. మాత్ర వేసుకోవాల్సిందే, రోజుకు కనీసం 10 మైక్రోగ్రాములు, లేదా వారానికి ఒకేసారి 2000. పరీక్షలో ఇప్పటికే తక్కువగా ఉందని తేలితే డాక్టరు చెప్పిన మోతాదు వేరుగా ఉంటుంది. నేను మొదటి రెండేళ్లు దీన్ని పట్టించుకోలేదు. అరికాళ్లు తిమ్మిర్లెక్కి నడక తడబడ్డాక గానీ తెలిసి రాలేదు. పశువుల డాక్టర్ని అయివుండి ఆ తప్పు చేశాను, మీరు చేయవద్దు. పెళ్లై గర్భం అనుకునే రోజుకి ముందే దీని గురించి డాక్టరుతో మాట్లాడండి.

మిగతాది మన వంటింట్లోనే ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో పెద్దగా శారీరక శ్రమ లేని మనిషికి కూడా రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు (లేదా వాటికి బదులు గుడ్డు, మాంసం), 35 గ్రాముల గింజలు అని లెక్క చెప్పింది. మనం తినే పప్పు అందులో సగం కూడా ఉండదు. చారులాంటి పప్పు నాలుగు గరిటెలు పోసుకుని "మొక్కల తిండితో నీరసం వస్తోంది" అంటారు. గట్టి పప్పు తినండి. సాయంత్రం బొబ్బర్లో సెనగలో గుగ్గిళ్లు. పొద్దున పెసరట్టు, పల్లీ చట్నీ. వారానికి రెండు మూడుసార్లు మీల్ మేకర్. అది సోయా నుంచి నూనె తీశాక మిగిలిన పిండితో చేసేది, అందులో సగం మాంసకృత్తులే. రాగి సంకటి, నువ్వుల పొడి, మునగాకు ఉంటే కాల్షియంకి పాల అవసరం రాదు. ఆకుకూరలో నిమ్మకాయ పిండుకోండి, అన్నం తిన్న గంట దాకా టీ తాగకండి, ఐరన్ ఒంటికి పడుతుంది. మజ్జిగ లేక బాధగా ఉంటే పల్లీలు నానబెట్టి రుబ్బి, వడగట్టిన పాలను మరిగించి చల్లార్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరపకాయ తొడిమలు నాలుగు వేసి రాత్రంతా ఉంచండి. తోడుకుంటుంది. మొదటిసారి కాస్త వాసన వస్తుంది. దాంట్లోంచే మళ్లీ తోడు వేస్తూ పోతే మూడోసారికి కుదురుతుంది.

మీ స్నేహితుడికి చెప్పాల్సింది ఇంకొకటి ఇక్కడే ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఉన్నారు, ఎక్కువ మంది దళితులు. బీడు భూముల్ని బాగుచేసుకుని, ఒక్క చేలో జొన్న, కొర్ర, కంది, పెసర, అనుము ఇలా ఇరవై రకాల దాకా కలిపి పండిస్తారు. చేలో తనంతట మొలిచే జొన్నచెంచలి, దొగ్గలి, తుమ్మికూర ఏరుకుని వండుకుంటారు. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. వాళ్లు మాంసం మానేసినవాళ్లు కాదు, పండగకి యాటను కోసుకుంటారు. ఆ మాట దాచి వాళ్లను నా వాదనకు వాడుకోను. నేను చెప్పేది ఒక్కటే, జొన్న గటక, ఉలవచారు, పచ్చిపులుసు, చేలో ఏరుకున్న ఆకు, ఇవన్నీ మీ అమ్మమ్మల తిండి. మీరు మొక్కల తిండి తింటున్నారంటే ఇంకొకరి వంటింటి గడప తొక్కినట్టు కాదు.

అమ్మ సంగతి అన్నిటికంటే కష్టం. ఆవిడకి మీరు మాంసం మానేయడం కాదు బాధ, తన చేతి వంట వద్దన్నారని. మా అమ్మ చనిపోయే ముందు ఏడాది పాటు నేను ఆవిడ చేతి పెరుగన్నం తినలేదు. వాదించి గెలిచాను. ఆ గెలుపు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. మీరు అలా చేయకండి. ఊరెళ్లినప్పుడు ఒక పూట వంట మీరే చేయండి, అమ్మ పక్కన కూచుని. ఆవిడ వేట మాంసంలో వేసే మసాలా, అదే ధనియాలు, గసాలు, ఎండుకొబ్బరి, పనసకాయకో పుట్టగొడుగులకో వేయమని ఆవిడనే అడగండి. చేతి రుచి అంటే సగం ఆ నూరుడులోనే ఉంటుంది. జాతరకి, పెద్ద కర్మకి మానకుండా వెళ్లండి. బంతిలో అందరి మధ్యే కూర్చోండి, విడిగా కూర్చోవద్దు. పప్పూ చట్నీతో తినండి, వడ్డించే పని అందుకోండి. ఎదుటి కంచంలో ముక్క చూసి ముఖం చిట్లించకండి. "ఎందుకు తినవు" అని అడిగినవాళ్లకి, అడిగినప్పుడే, దున్న దూడ కథ చెప్పండి. పశువుల్ని మేపినవాళ్లకి అది మీ కంటే బాగా అర్థమవుతుంది. నాకు ఆ కథ విని ఎదురు వాదించిన పాలేరు ఒక్కడూ తగల్లేదు. ఒకరోజు పొరపాటున సాంబారులో నెయ్యి పడితే టెన్షన్ పడకండి, తర్వాతి పూట చూసుకోవచ్చు.

చివరిగా ఆ ఫ్లాట్. తీసుకోవద్దు. "ఓన్లీ వెజ్" బోర్డు కోడి గురించి ఆలోచించి పెట్టింది కాదు. మీ ఇంటిపేరు, మీ ఊరు, మీ అమ్మ మాట తీరు అడగకుండా తెలుసుకునే దారి అది. ముస్లింలను, మీవాళ్లను కులమతాల పేరు ఎత్తకుండా గేటు దగ్గరే ఆపే దారి. ఆ ఇంటి వంటగదిలో పాలు పొంగొచ్చు, నెయ్యి కాగొచ్చు. అందుకు ఓనర్‌కి అభ్యంతరం ఉండదు. నేను రిటైరయ్యాక హైదరాబాద్‌లో ఇల్లు వెతికినప్పుడు ఒకాయన నేను ఏమీ తిననని విని సంతోషంగా తాళాలు ఇవ్వబోయాడు. మా పనిమనిషి తన అన్నం డబ్బా తెచ్చుకుంటుంది, అందులో చేపల పులుసు ఉంటుంది, ఇక్కడే కూర్చుని తింటుంది అన్నాను. తాళాలు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మీ ఆఫీసుకి ఇంకో రెండు బస్టాపులు దూరమైనా వేరే ఇల్లు చూసుకోండి. అమ్మ పల్నాడు నుంచి వచ్చినప్పుడు సంచిలో ఎండు చేపలు తెచ్చుకుంటారు. ఆవిడ స్టవ్ వెలిగించి అవి వేయించుకునేటప్పుడు కిటికీలు మూయాల్సిన అవసరం లేని ఇల్లు వెతకండి.